వండుకొనుటయా, కొనుటయా? – గృహస్థుని ఆహారవివేకము

గృహస్థుడు ప్రతిదినమును అనేకములైన చిన్న నిర్ణయములు చేయుచుండును. పెరుగు ఇంట తోడుపెట్టుటయా, పొట్లము కొనుటయా? మినపపప్పు నానవేసి రుబ్బుటయా, రుబ్బిన పిండి తెచ్చుకొనుటయా? ఈ వేసవి ఆవకాయ ఇంట పెట్టుటయా, అంగడిలో సీసా కొనుటయా? ఇవి ధర్మమునకు సంబంధించిన ప్రశ్నలని పలువురకు తోచదు. చేతిలోని సొమ్మును బట్టియు, ఆనాటి ఓపికను బట్టియు ఇవి ఎట్లో తేలిపోవుచుండును. కాని ఈ చిన్న నిర్ణయములే కూడి ఒక కుటుంబము భుజించు అన్నమగుచున్నవి. భుక్తాన్నముయొక్క సూక్ష్మాంశమే మనస్సగుచున్నదని ఛాందోగ్యోపనిషత్తు బోధించుచున్నది. కావున వంటయింటి నిర్ణయములను అలవాటునకు విడువక వివేకముతో చేయుట సాధకుడగు గృహస్థునకు తగిన పని.

ఈ విషయమున రెండు అతిమార్గములు కలవు. సమస్తమును ఇంటనే చేయవలెను, అంగడి పదార్థము ముట్టరాదు అనునది మొదటిది. ఇది శుద్ధివలె కనబడును గాని పెక్కుసార్లు అభిమానమే అందు దాగియుండును. ఆ అభిమానపు భారమును మోయునది సాధారణముగా ఆ యింటి స్త్రీ. సమస్తమును కొనితెచ్చుకొనవచ్చును, వంట యనునది కాలహరణము అనునది రెండవది. ఇది సౌకర్యమువలె కనబడును గాని నోటిలోనికి పోవునదేమో యెరుగని స్థితికి మనుష్యుని దించును. ఈ రెంటికి నడుమ నడచుటకు కొన్ని ప్రమాణములు కావలెను.

1. ఆహారశుద్ధి అనగా నేమి?

ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగునని ఛాందోగ్యము సప్తమాధ్యాయమున చెప్పినది. ఈ వాక్యమునకు ఆచార్యులు రెండు విధముల అర్థము చెప్పిరి. శంకరభగవత్పాదులు ఆహార మనగా ఇంద్రియములచే లోనికి గ్రహింపబడు సమస్త విషయజ్ఞానమనియు, అది రాగద్వేషమోహములు లేక గ్రహింపబడుటయే శుద్ధి యనియు వ్యాఖ్యానించిరి. భగవద్రామానుజులు భుజించు అన్నమునే గైకొని, దానికి మూడు దోషములు చెప్పిరి. పదార్థముయొక్క స్వభావమువలన కలుగునది జాతిదోషము. అది ఎవరి చేతినుండి వచ్చునో వారివలన కలుగునది ఆశ్రయదోషము. దుమ్ము, వెంట్రుక, మురికి మొదలగువాని సంపర్కమువలన కలుగునది నిమిత్తదోషము. ఈ రెండు అర్థములును అవసరములే యని స్వామి వివేకానంద భక్తియోగమున స్పష్టపరచిరి. మొదటి అర్థము ఉన్నతమైనదే యైనను రెండవదానిని విడిచి దానిని అందుకొనజాలమని వారి యాశయము. అట్లే రెండవదానియందే చిక్కుకొని మొదటిదానిని మరచుట కేవలము వంటయింటి మతమగును.

ఈ మూడు దోషములను నేటి ఇంటికి అన్వయించి చూడవచ్చును. పదార్థమునందు ఏమేమి కలిసియున్నవి? అది ఎవరి చేతులమీదుగ, ఏ మనస్సుతో వచ్చినది? అది శుభ్రముగ తయారై శుభ్రముగ నిలువయున్నదా? ఈ ప్రశ్నలు కొన్న పదార్థమునకే కాదు, ఇంట చేసినదానికిని చెల్లును. తడిచెంచా ముంచిన ఊరగాయ ఇంటిదైనను బూజు పట్టును. ఒకే నూనెను పలుమారులు మరగించినచో అది ఇంటి మూకుడులో నున్నను చెడును. తడిసిన వేరుసెనగలయందును, మొక్కజొన్నయందును పెరుగు ఒక జాతి బూజు కాలేయమును కృశింపజేయు విషమును పుట్టించును. సామాన్యమైన వంటవేడికి అది పోదు. 1974లో గుజరాతు, రాజస్థాను ప్రాంతముల గ్రామములలో అకాలవర్షమునకు తడిసిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిరి. అది వారు తమ యిండ్లలో నిలువ చేసికొన్న ధాన్యమే. ఇంటిది యను పేరు మాత్రమే శుద్ధిని కలిగింపజాలదని ఇందువలన తెలియును.

2. ఏ ఇల్లును సమస్తమును చేసికొనలేదు

పూర్వకాలమున ప్రతి ఇంటను అన్నియు తయారయ్యెడివని తలచుట సరికాదు. ఉప్పు సముద్రతీరపు కొటారులనుండి వచ్చెడిది. నూనె ఊరి గానుగనుండియు, బెల్లము చెరకు వండు పొయ్యినుండియు వచ్చెడివి. ఇంగువ హిందూకుష్ పర్వతములకు ఆవలినుండి బేరగాండ్రు తెచ్చెడివారు. ఇంగువ మొక్కను భారతభూమిలో పెంచు యత్నము 2020 అక్టోబరులో హిమాచలప్రదేశములోని లాహౌల్ లోయలో ఆరంభమైనది. అనగా ఎంతటి నిష్ఠాపరుల ఇంటి చారులోని ఇంగువయైనను కొన్నదే.

ఐనచో మారినదేమి? పూర్వము కొనువాడు అమ్మువానిని ఎరుగును. నువ్వులు తాను తీసికొనిపోయి గానుగలో పోయించి, ఎదుట నిలిచి నూనె పట్టించుకొని వచ్చెడివాడు. కల్తీ చేసినవాడు మరునాడు అదే వీధిలో ముఖము చూపవలసియుండెను. నేడు అమ్మువాడు కనబడడు. సంచి మాత్రమే కనబడును. 1998లో ఢిల్లీలో ఆవనూనెయందు బలురక్కసి గింజల నూనె కలియుటవలన పలువురకు శరీరము వాచి, అరువదిమందికి పైగా మరణించిరి. కొన్నవారు ఆ సీసాలో నేమున్నదో ఎరుగరు. కొనుట దోషము కాదు. ఎరుగక కొనుట ప్రమాదకరము.

ఎరుగుటకు సాధనములును కలవు. ఆహారకల్తీ నిరోధక శాసనము 1954లో వచ్చెను. 2006లో ఆమోదింపబడిన ఆహారభద్రతా శాసనము 2011 ఆగస్టునుండి దాని స్థానమున అమలగుచున్నది. దీని ననుసరించి సంచిపై తయారుచేసినవారి 14 అంకెల అనుమతి సంఖ్యయు, తయారైన తేదియు, ఎంతకాలములోగా వాడవలెనో ఆ వివరమును, కలిసిన పదార్థముల పట్టికయు ఉండవలెను. ఆ పట్టికలో అన్నిటికంటె ఎక్కువ తూకముగల పదార్థము మొదట, తక్కువది చివర వ్రాయబడును. బాదముపాలపొడి యని పెద్ద అక్షరములలో ఉండి పట్టికలో మొదట చక్కెర, చాల క్రిందుగ బాదము ఉన్నచో కొన్నది చక్కెరయే. కళ్లజోడు తగిలించుకొని ఈ నాలుగు పంక్తులు చదువుట నేటి గృహస్థుని ఆహారశుద్ధిలో ఒక భాగము.

3. ఇంట చేయదగినవి

తాజాదనమే ప్రధానగుణముగా గల పదార్థములు, అల్పశ్రమతో సిద్ధమగునవి ఇంట చేయదగినవానిలో మొదటివి. వండి చాలసేపు నిలిచి సారము తొలగిన ఆహారమును గీత పదునేడవ అధ్యాయమున తామసముగ ఎంచినది. అన్నము, పప్పు, కూర, చారు ఈ తరగతిలోనివి. వీనిని నిత్యము బయటనుండి తెచ్చుకొను ఇంట ఎప్పటి అన్నము ఎప్పుడు తినుచున్నారో చెప్పుట కష్టము. అయితే నిలువయున్న పదార్థమంతయు త్యాజ్యము కాదు. పులిసినవానిలో పెరుగును, నేయి నూనెలతో కూడిన కొన్ని నిలువ పదార్థములను మనుస్మృతియే మినహాయించినది.

పెరుగు ఇందుకు మంచి నిదర్శనము. కాచిన పాలను గోరువెచ్చగా ఆరనిచ్చి, లీటరుకు ఒక చెంచా తోడు కలిపి, కదల్చక 6 నుండి 8 గంటలు ఉంచిన పెరుగు పేరుకొనును. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చుటవలన పాలు గట్టిపడును. మిక్కిలి వేడిపాలలో తోడు వేసినచో ఆ జీవులు నశించును. చల్లని పాలలో వేసినచో మందగించును. వేలు ముంచి ఓర్చుకొనదగినంత వెచ్చదనము చాలునని ముసలమ్మలు చెప్పు లెక్క సరియైనదే. ఇందు మనిషి శ్రమ రెండు నిమిషములు. తక్కిన పని రాత్రి తానే జరుగును. లీటరు పాలకు ఇంచుమించు అంత పెరుగును వచ్చును. అంగడిలో పాలపొట్లము ధరను, పెరుగుపొట్లము ధరను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఎవరికైనను లెక్క తెలియును.

కందిపొడి, కరివేపాకుపొడి, నువ్వులపొడి మొదలగునవియు ఇట్టివే. అరగంటలో వేయించి దంచుకొన్న పొడి కొన్ని వారములు నిలుచును. చేసిన మొదటి దినములలోని సువాసన నెలల తరబడి సంచిలో నున్న పొడికి రాదు; వేయించిన గింజలలోని నూనె గాలి తగిలి క్రమముగా కనరెక్కును. ఇంట తగినంత పాలు వాడుక కలవారికి మీగడ చిలికి నేయి కాచుకొనుటయు లాభకరమే.

పండుగ పిండివంటలను గూర్చియు ఒక మాట. వనస్పతి వంటి గట్టిపరచిన కొవ్వులలో హృద్రోగమును కలిగించు అంశము కలదని తేలినందున, అట్టి అంశము 2022 జనవరినుండి కొవ్వులయందును, నూనెలయందును నూటికి 2 పాళ్లకు మించరాదని నియమము వచ్చినది. పలుమారులు మరగిన వేపుడు నూనెకును 2018 జులైనుండి హద్దు విధింపబడినది. ఈ నియమములు మంచివే. ఐనను ప్రతి మూకుడు దగ్గరను కావలివాడు నిలువజాలడు. బూరెలు, అరిసెలు ఏడాదికి కొన్ని దినములే చేయునవి గనుక తాజా నూనెతోనో నేతితోనో ఇంట చేసికొనుట, దేవునికి నివేదించుట యుక్తము. నివేదనకై చేయు పదార్థమునందు చేయువాని ధ్యానమును ఒక ద్రవ్యమే గదా!

4. కొనదగినవి

ఇంట చేయుట అసాధ్యమైనవియు, ఇంటికంటె బయటనే సురక్షితముగ తయారగునవియు కొనదగినవి. ఇందు ఉప్పు మొదటిది. 1930 ఏప్రిల్ 6వ తేదీన గాంధీజీ దండితీరమున ఉప్పు చేపట్టుట ప్రజల హక్కును నిలుపుటకే గాని, ప్రతి యింటను ఉప్పు వండుకొనవలెనని కాదు. తరువాతి కాలమున ఉప్పును గూర్చి మరియొక సత్యము తెలిసినది. మట్టిలో అయొడిను కొరవడిన ప్రాంతములలో ప్రజలకు గొంతుక వాచును. గర్భస్థశిశువుల బుద్ధివికాసము కుంటుపడును. శ్రీకాకుళమున జన్మించిన వైద్యశాస్త్రజ్ఞులు వులిమిరి రామలింగస్వామిగారును, వారి సహచరులును 1956లో హిమాలయపు కాంగ్రా లోయలో పరిశోధన ఆరంభించి, ఉప్పులో అయొడిను కలిపి ఇచ్చినచో గొంతువాపు తగ్గునని నిరూపించిరి. 1962లో జాతీయ కార్యక్రమము మొదలైనది. 2006 మేనుండి దేశమంతట నేరుగా తినుటకు అమ్ము ఉప్పులో అయొడిను ఉండి తీరవలెననెడి నియమము అమలులో నున్నది. ఇట్టి ఉప్పును మూతగల పాత్రలో, తడి తగులకుండ ఉంచవలెను. ఇచ్చట కొన్నదే మేలు. స్వచ్ఛమను భ్రమతో అయొడిను లేని ఉప్పు వెదకి వాడుట పిల్లలకు అపకారము.

పాలును ఇట్టివే. ఇంట గోవు గలవారి మాట వేరు. తక్కినవారు పాశ్చరు పద్ధతిని వేడిచేసి చల్లార్చిన పాలను కొనుట క్షేమము. ఈ పద్ధతిలో పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకండ్లు ఉంచి వెంటనే చల్లార్చుదురు. అందువలన క్షయ మొదలగు రోగములను కలిగించు క్రిములు నశించును. పచ్చిపాలు సహజములని కాచక త్రాగుట వివేకము కాదు.

బియ్యము విషయమున కొనుటకంటె ఎంపిక ముఖ్యము. వడ్లు దంచుట నేడు పట్టణగృహములకు సాధ్యము కాదు. కాని తెల్లగా మెరయుటకై తవుడంతయు తీసివేసిన బియ్యము తినుటవలన కలిగిన కష్టమును చరిత్ర ఎరుగును. జావాద్వీపమున 1890 ప్రాంతములందు ఐక్మన్ అను వైద్యుడు మరపట్టిన తెల్లని అన్నము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, పొట్టు తీయని బియ్యము పెట్టిన కోలుకొనుటయు కనిపెట్టెను. అతనికి 1929లో నోబెల్ బహుమానము లభించెను. అదే బెరిబెరి వ్యాధి ఉత్తర సర్కారులలో తెల్లని పచ్చిబియ్యము తినువారిని పీడించినది. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరున ఏర్పడిన చిన్న సంస్థయే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు గాంచినది. 1934 డిసెంబరులో గాంధీజీ స్థాపించిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమును, గానుగనూనెను, బెల్లమును ప్రోత్సహించుటకు ఆరోగ్యమును, పల్లెల జీవనోపాధియు రెండును కారణములు. నేటి గృహిణి రోకలి పట్టనక్కరలేదు. తక్కువ పాలిషు పట్టిన బియ్యమునో, ఉప్పుడు బియ్యమునో ఎన్నుకొని, పలుమారులు కడుగక, గంజి పారబోయక వండినచో ఆ సారమును కొంత నిలుపుకొన్నట్లే.

5. నడిమి పదార్థములు

ఇడ్లీపిండి, ఊరగాయలు, అప్పడములు, వడియములు, కారము, పసుపు – వీనికి ఒకే నియమము చెప్పవీలులేదు. ఇల్లు, ఇంటిలోని చేతులు, వసతి, ఋతువు వీనిని బట్టి నిర్ణయము మారును.

కారమునకును పసుపునకును సగము కొనుట, సగము చేసికొనుట మంచి పద్ధతి. ఎండుమిరపకాయలను, పసుపుకొమ్ములను గింజగా కొని, ఎండబెట్టి, ఎదుట నిలిచి మరలో పట్టించుకొనవచ్చును. మిరపకాయయొక్క రంగు, తొడిమ, పుచ్చు కంటికి కనబడును. పొడి అయిన పిమ్మట ఏమియు కనబడదు. పసుపులో సీసముగల పచ్చని రంగును, కారములో బట్టలకు వాడదగిన ఎఱ్ఱరంగును కలుపు నీచులు కలరు. మరకు పోవుటకు వీలులేనివారు 1937నాటి శాసనముననుసరించి వేయబడు ఆగ్‌మార్కు ముద్రగల పొడిని కొనుట మేలు. విడిగా పోసి అమ్ము పొడిని కొనరాదు.

ఇడ్లీపిండికి ఒక పాలు మినపపప్పు, రెండు పాళ్లు రవ్వ అను కొలత ఎరుగని తెలుగు ఇల్లు లేదు. రాత్రి కలిపి ఉంచిన పిండిలో సూక్ష్మజీవులు వాయువును పుట్టించుటచేత అది పొంగి తేలికయగును. ఆమ్లముచేత రుచి కలుగును. రుబ్బురోలు ముందు గంటసేపు కూర్చుండవలసిన కాలమున ఇది పెద్ద శ్రమ. విద్యుద్యంత్రము గల ఇంట ఇది చిన్నపని. వారమునకు రెండుసార్లు రుబ్బుకొని చల్లని పెట్టెలో ఉంచుకొనవచ్చును. యంత్రము లేక, నడుము నొప్పితో బాధపడు ఒంటరి వృద్ధురాలికి వీధిచివర శుభ్రముగ రుబ్బి అమ్ము ఇల్లాలివద్ద పిండి కొనుట ఏ దోషమును కాదు. నీరు ఎట్టిది, పాత్ర ఎట్టిది అని ఒకమారు చూచి వచ్చిన చాలును.

అప్పడముల విషయమున కొనుటయే పుణ్యకార్యమగు సందర్భమును కలదు. 1959 మార్చి 15వ తేదీన బొంబాయి గిర్‌గాములో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పుతెచ్చుకొని మేడపై అప్పడములు ఒత్తుట ఆరంభించిరి. మొదటి దినమున తయారైనవి నాలుగు పొట్లములు. అదియే లిజ్జత్ పాపడ్ అను స్త్రీల సహకారసంస్థగా పెరిగి వేలాది కుటుంబములకు ఆధారమైనది. శాఖలో కలిపిన పిండిని తీసికొనిపోయి సభ్యురాండ్రు తమ యిండ్లలోనే ఒత్తి తెచ్చెదరు. అనగా అంగడిలో కొన్న ఆ అప్పడము మరియొక ఇంటిలో చేసినదే. ఆశ్రయదోషమును గూర్చి విచారించువారు ఆశ్రయగుణమును గూర్చియు విచారింపవలదా? న్యాయమైన కష్టార్జితముతో నలుగురు పిల్లలను చదివించుకొను తల్లి చేతిలోనిది నిస్సందేహముగ శుద్ధాన్నమే.

6. శ్రమ ఎవరిది?

ఈ చర్చలో అందరును మరచు ప్రశ్న ఒకటి కలదు. ఇంట చేయవలెనని నిర్ణయించునది ఎవరు, చేయునది ఎవరు? ఈ రెండు పాత్రలు వేరువేరు మనుష్యులవైనచో ఆ నిర్ణయము ధర్మసమ్మతమా యని విచారింపవలెను.

ఒక కుటుంబమును ఊహింతము. అత్తగారికి అరువదియైదేండ్లు, మోకాళ్ల నొప్పులు. కోడలు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. కొడుకునకు ఇంటి ఆవకాయ కానిదే ముద్ద దిగదు. ప్రతి వేసవి ఇరువది కాయల ఆవకాయ పెట్టుట ఆ ఇంటి ఆచారము. కాయలు కడిగి తుడుచుట, టెంకతో ముక్కలు కొట్టుట, జీడి తీయుట, ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె పాళ్లు కలుపుట, మూడవనాడు తిరుగగలుపుట – అంతయు ఆ ఇద్దరు స్త్రీలదే. ఒక సంవత్సరము కోడలు మెల్లగా, "అత్తయ్యగారూ, ఈ ఏడు పరీక్షల పేపర్లు దిద్దవలసి ఉన్నవి. సగము కొనితెచ్చుకొందమా?" అని అడిగినది. అత్తగారికి కోపము వచ్చినది. "మా అత్తగారి నాటినుండి ఈ ఇంట జాడీ ఖాళీగా ఉన్నది లేదమ్మా!" అన్నది. కోడలు మారు పలుకలేదు. ఆ సంవత్సరమును ఆవకాయ పెట్టిరి. కాని వారమురోజులు ఆ ఇంట ఎవరును ఎవరితోను సరిగా మాటలాడలేదు.

ఆ జాడీలో నున్నది శుద్ధాహారమా? ఉప్పు, కారము, నూనె అన్నియు మేలైనవే. జాతిదోషము లేదు; నిమిత్తదోషము లేదు. కాని శంకరులు చెప్పిన అర్థమున ఆ ఇంటివారు లోనికి గ్రహించినది కోపమును, మౌనమును, అలసటయును. గీత ఆహారమును మూడు విధములుగ విభజించుచు సాత్త్వికాహారమునకు ఆయుస్సు, బలము, ఆరోగ్యములతోపాటు సుఖమును, ప్రీతిని పెంచు గుణమును చెప్పినది. ప్రీతిని చంపి చేసిన పదార్థమునకు ఆ పేరు చెల్లదు.

పరిష్కారము కష్టమైనది కాదు. కొడుకు, "అమ్మా, కాయలు కడిగి ముక్కలు కొట్టుట నా పని. ఇరువది వద్దు, ఆరు చాలును" అనగలిగినచో సగము చిక్కు తీరును. ఆ ఆరు కాయలతో ఇంటి రుచి నిలుచును. చిన్నపిల్లలు చూచి నేర్చుకొందురు. తక్కినది ఎరిగిన ఇంటివారివద్ద కొనవచ్చును. అత్తగారికిని తన చేతి కొలత కోడలికి అందినదను తృప్తి కలుగును. ఆచారముయొక్క ప్రాణము కాయల సంఖ్యలో లేదు.

శ్రీ శారదాదేవి జీవితము ఈ విషయమున మంచి పాఠము. దక్షిణేశ్వరమున ఆలయప్రసాదము సమృద్ధిగ ఉన్నను, అది శ్రీరామకృష్ణుల జీర్ణశక్తికి సరిపడనందున ఆమె నహబతులోని ఇరుకుగదియందే వారికి తేలికయైన వంట చేసి పెట్టెడివారు. అవసరము గలచోట ఎంత శ్రమయైనను ఆమెకు భారము కాలేదు. తరువాతి కాలమున జయరామవాటిలో, పట్టణమునుండి వచ్చిన భక్తులకు టీ అలవాటని యెరిగి, పాలకొరకు తామే ఇండ్లు తిరిగి తెచ్చెడివారు. ఇంటిదా, బయటిదా యను పట్టుదల అందు లేదు. తినువాని క్షేమమొక్కటే వారి దృష్టి.

7. రెండును కాని మూడవ మార్గము

చేయుటయా, కొనుటయా యని ఆలోచించుటకు ముందు అడుగవలసిన ప్రశ్న, అది అసలు అవసరమా యనునది. తియ్యని రంగునీళ్లు, ఉప్పు పట్టించిన వేపుడు ముక్కలు మొదలగునవి కొననక్కరలేదు. ఇంట చేయుటకు శ్రమపడనక్కరయు లేదు. పిల్లవాని ఆకలికి అరటిపండు, మజ్జిగ, వేయించిన సెనగలు, బెల్లపుముక్క చాలును. వీనిలో వంట లేదు, సంచిపై పట్టిక చదువవలసిన పనియు లేదు. జిహ్వ కోరు ప్రతిదానిని ఇంట చేసిపెట్టుటయే ప్రేమయని తలచు తల్లులు కలరు. ఆ ప్రేమ గొప్పదే. కాని నిగ్రహము నేర్పుటయు ప్రేమలోని భాగమే.

గృహస్థుని ఇంట పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ – ఈ అయిదింటియందు తెలియక జీవహింస జరుగునని ధర్మశాస్త్రములు చెప్పి, దానికి పరిహారముగ పంచమహాయజ్ఞములను విధించినవి. అతిథికి, ప్రాణులకు, పితరులకు, దేవతలకు, ఋషులకు తన భాగమునుండి ఇచ్చినపిమ్మటనే గృహస్థు భుజింపవలెను. వంటయిల్లు ఎంత తిరిగినను ఇతరులకొక ముద్ద మిగులనిచో అది యజ్ఞశాల కాదు.

8. ఒక మాసపు అభ్యాసము

చదివి విడుచుటకంటె ఆచరించి చూచుట మేలు. ఒక నెలపాటు చిన్న పుస్తకమున ఇంటికి వచ్చిన ప్రతి కొన్న తినుబండారమును, ఇంట చేసిన ప్రతి నిలువ పదార్థమును వ్రాసికొనవలెను. ఒక్కొక్కదాని ఎదుట ఈ అయిదు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను.

మొదటిది: ఇది అవసరమా?
రెండవది: దీని గుణము తాజాదనమునందున్నదా, నిలువయందున్నదా?
మూడవది: ఇందేమున్నదో, ఎవరు చేసిరో తెలియునా?
నాల్గవది: దీనిని శుభ్రముగ, ప్రమాదము లేక చేయు నేర్పును, వసతియు ఇంట కలవా?
అయిదవది: శ్రమ ఎవరిది? వారు సంతోషముతో చేయుచున్నారా? తక్కినవారు పాలు పంచుకొనుచున్నారా?

నెల ముగియువరకు మూడు మార్పులు చాలును. కొనుచున్నదానిలో ఒకటి ఇంట మొదలుపెట్టవలెను. పెరుగు సులభమైన ఆరంభము. ఇంట చేయుచున్నదానిలో ఒకరి ఆరోగ్యమునో శాంతినో హరించుచున్నదానిని ఒకటి విడిచి, తగినచోట కొనవలెను. అనవసరమైనదానిని ఒకటి పూర్తిగా మానవలెను. ఈ నిర్ణయములు ఒకరు ఆజ్ఞాపించినట్లు గాక ఇంటివారందరు కూర్చుండి చేసికొన్నవై యుండవలెను.

కొనుటవలన గంట కాలము మిగిలినచో ఆ గంట ఏమగుచున్నదో కూడ చూచుకొనవలెను. అది వ్యర్థప్రసంగములకు పోయినచో లాభము లేదు. అలసిన తల్లికి నిద్రకో, పిల్లలకు ఒక మంచికథ చెప్పుటకో, సంధ్యవేళ దీపముముందు కొంతసేపు జపమునకో వినియోగమైనచో ఆ గంట సార్థకము. అట్లే ఇంట వండిన గంటయు, నామస్మరణతో, తినువారి క్షేమచింతతో గడచినచో ఉపాసనయే. అన్నమును నిందింపరాదనియు, అన్నమును వృద్ధిచేయవలెననియు తైత్తిరీయము వ్రతముగ విధించినది. తెలిసి కొని, ప్రేమతో వండి, పంచి భుజించు గృహస్థుడు ఆ వ్రతమును పాటించుచున్నవాడే.